వెనక చక్రాలు ముందుకు

జాకీ మీద లేచిన అంబులెన్సు వెనక చక్రాన్ని ఎడమచేత్తో మెల్లగా తిప్పుతూ, మేస్త్రీ కుడి అరచేతిని టైరుకు ఆనించాడు. రబ్బరు ఒకచోట ఉబ్బుగా, ఆ పక్కనే గుంటగా తగిలింది. అనుకున్నదే.

అంతకుముందు అతను స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకుని, బండిని పెద్ద రోడ్డు మీద నడపమన్నాడు. నున్నటి తారు మీద కూడా ఒకటే రొద. వేగం పెరిగేకొద్దీ అది ఇనుప గొట్టాల్లోంచి వెన్నులోకి పాకింది. ఆస్పత్రికి వెళ్లివచ్చిన ప్రతిసారీ తన భార్య పంటి బిగువున ఓర్చుకున్నది ఇదన్నమాట. రోడ్డు బాగాలేదని తప్ప ఆమె ఏమీ అనలేదు.

ఇవాళ ఆమెను ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. ఇక మందులతో పని లేదన్నారు.

"చక్రాలు అటూ ఇటూ మారిస్తే రొద పోతుందా, బావా?" అన్నాడు బండి నడిపే బావమరిది.

"పోదు. నీ దగ్గరికొస్తుంది. ఎప్పటికప్పుడు మారుస్తూ ఉంటే అన్నీ సమంగా అరిగేవి. నువ్వు పట్టించుకోలేదు. ఇక కొన్నాళ్లు స్టీరింగు వణుకు నువ్వే భరించు."

"అక్క కోసమేగా. భరిస్తాలే."

మేస్త్రీ ముందు చక్రాలను వెనక్కి, వెనకవాటిని ముందుకు మార్చి, నట్లు ఒకదాని తర్వాత దాని ఎదుటిది బిగించాడు. ఈ షెడ్డు దాటి అతను ఎదిగింది లేదు, ఆ బెంగా లేదు. తను బిగించిన చక్రం ఊడిందన్న మాట ఎవరి నోటా వినలేదు. పెళ్లయిన కొత్తలో భార్య సబ్బులు మార్చి మార్చి, చివరికి అతని చేతుల రబ్బరు వాసనతో రాజీపడింది.

మధ్యాహ్నం ఆస్పత్రి దగ్గర ఆమెను ఎక్కించి పక్కనే కూర్చున్నాడు. బండి పెద్ద రోడ్డెక్కగానే ఆమె అలవాటుగా పక్క గొట్టాలను గట్టిగా పట్టుకుంది. కాసేపటికి పిడికిళ్లు వదులయ్యాయి.

"రోడ్డు కొత్తగా వేశారా?"

"లేదు. చక్రాలు మార్చాను. ఇంత బాధగా ఉంటే చెప్పొద్దూ?"

"చెప్తే బండి కింద దూరేవారు. అన్నం చల్లారిపోయేది."

ముందు సీట్లోంచి తమ్ముడు, "చేతులు జివ్వుమంటున్నాయి బావా," అన్నాడు.

"వాణ్ణి అలాగే ఉండనివ్వండి," అని ఆమె నవ్వింది. ఆ నవ్వుతోనే కళ్లజోడు తీసి పక్కనున్న ట్రే అంచున పెట్టి, కళ్లు మూసుకుంది. ఆ బండిలో ఆమె నిద్రపోవడం అదే మొదలు. మేస్త్రీ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

వీధి మలుపు దగ్గర ఆ చెయ్యి బరువెక్కింది. మణికట్టు మీద వేళ్లుంచి చాలాసేపు చూశాడు. ఏమీ తగల్లేదు.

"మెల్లగా పోనీరా," అన్నాడంతే.

ఆమెను ఇంట్లో పడుకోబెట్టాక, దుప్పటి తీసుకురావడానికి అతను ఒక్కడే బండి దగ్గరకు వెళ్లాడు. స్ట్రెచర్ పక్కనున్న స్టీలు ట్రే అంచున, నిద్రకు ముందు ఆమె తీసిపెట్టిన కళ్లజోడు, పెట్టినచోటు నుంచి కాస్త కూడా జరగకుండా ఉంది.