కుజుడు ఇల్లు మారిన ఆదివారం

తిరుమలేష్ మాస్టారికి నోటి దురద. మందు లేని దురద. ఎవరైనా పొరపాటున "అబ్బ, సూర్యుడు అప్పుడే దిగిపోయాడే" అన్నారో, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. సూర్యుడు దిగడండీ, మనమే తిరుగుతున్నాం అని అందుకుంటాడు. ఒకసారి చేపల బజార్లో చందువా బేరం మధ్యలో ఆపి, పోటుకీ పాటుకీ చంద్రుడెలా కారణమో చెప్పాడు. చెప్పడం పూర్తయ్యేసరికి చేపలమ్మే ఆవిడ ఆ చేపని ఇంకొకరికి అమ్మేసింది. అయినా బుద్ధి రాలేదు.

అలాంటివాడు పోర్ట్ బ్లెయిర్ దగ్గర సిప్పీఘాట్ వైపు ఓ బడిలో సైన్స్ చెప్పుకుంటూ, ఫెర్రీ టికెట్ల కౌంటర్లో పనిచేసే జాహ్నవిని ప్రేమించాడు. ఆ పిల్లా ఇతన్ని ఇష్టపడింది. ఎందుకని అడగకండి. ఓడ ఆలస్యమైన రోజున ఇతను క్యూలో నిలబడి గ్రహాల సంగతి చెబుతుంటే అందరూ తలో దిక్కుకీ జారుకున్నారు. కౌంటర్లో కూర్చున్న పాపానికి ఆమె ఒక్కతే మిగిలింది. వినగా వినగా బాగుందనిపించిందట.

ఇంకో వింత ఏమిటంటే, ఇరువైపులా ఎవరూ అడ్డు చెప్పలేదు. రెండు కుటుంబాల పెద్దలూ శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. తిరుమలేష్ తండ్రి నూకన్న ఇప్పటికీ జంగ్లీఘాట్‌లో పడవ మీదే బతుకుతున్నాడు. జాహ్నవి తండ్రి కొండబాబు చేపల వేట మానేసి, అబర్డీన్ బజార్లో వలలూ పడవ ఇంజన్ల సామానూ అమ్ముతున్నాడు. మంచి మనిషి, కానీ పంచాంగం పిచ్చి. ప్రతి ఉగాదికీ వైజాగ్ ఓడలో కొత్త పంచాంగం తెప్పించుకుంటాడు. రాహుకాలంలో షాపు షట్టరు లేవదు. జాతకాలు వైజాగ్‌లో ఉన్న సిద్ధాంతి గారికి ఫోన్లో పంపితే, దివ్యంగా కలిశాయని జవాబొచ్చింది. ఇక తాంబూలాలే తరువాయి. ఆ మాట అనుకోవడానికే ఆదివారం తిరుమలేష్‌ని ఆస్టినాబాద్‌లోని ఇంటికి భోజనానికి పిలిచారు. తిని, తలూపి, చెయ్యి కడుక్కుని వచ్చేస్తే సరిపోయేది.

"ఏటి మాస్టారూ, ఇప్పుడు పిల్లలకి ఏటి చెప్తన్నారు క్లాసులో?" అన్నాడు కొండబాబు, ఊరికే మాట కలపడానికి.

వంటింటి గుమ్మంలోంచి జాహ్నవి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. తిరుమలేష్ చూశాడు. చూడలేదని తర్వాత బుకాయించాడు గానీ, చూశాడు.

"చూపిస్తాను మావయ్య గారూ," అని లేచి, మూలనున్న కొబ్బరిబోండాం తెచ్చాడు. దాని మీద కుంకుమతో ఒక బొట్టూ, పసుపుతో ఇంకో బొట్టూ పెట్టాడు. ఫోన్లో టార్చి వెలిగించి కాబోయే అత్తగారు రమాదేవి చేతికిచ్చాడు. "మీరు సూర్యుడు అత్తయ్య గారూ. కదలకండి." ఆవిడ భక్తిగా కొయ్యబారి నిలబడింది.

"ఎర్రబొట్టు మన పోర్ట్ బ్లెయిర్, పసుపుది వైజాగ్. భూమి ఇలా తిరుగుతుంది. చూశారా, వెలుతురు ముందు మన మీదే పడింది. వైజాగ్ ఇంకా చీకట్లోనే ఉంది. గడియారం దేశమంతటికీ ఒకటే పెట్టారు గానీ, సూర్యుడికి ఆ సంగతి తెలీదు కదా. అందుకే ఇక్కడ తొందరగా తెల్లారుతుంది, తొందరగా చీకటి పడుతుంది."

కొండబాబు బోండాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కళ్ళు చిట్లించాడు. "అంటే పంచాంగంలో రాసిన సూర్యోదయం మనది కాదన్నమాట."

"కాదు! అది వాళ్ళ ఊరిది!" తిరుమలేష్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఈ మాట పిల్లలకి ఎక్కించడానికి అతనికి వారం పడుతుంది.

"అంటే రాహుకాలం కూడా మనది కాదా? అరె బాప్‌రే! ఇన్నేళ్ళూ రాహుకాలం ఇంకా రాలేదనుకుని, సరిగ్గా రాహుకాలంలోనే షట్టర్ ఎత్తానేటి?"

"ఎత్తారు! అయినా మీ వ్యాపారం బ్రహ్మాండంగా సాగింది. దీన్ని బట్టి మనకేం తెలుస్తోంది?" అన్నాడు తిరుమలేష్, జవాబు రాబట్టే మాస్టారి గొంతుతో.

"తెలీక చేస్తేనే ఇంత బాగుపడ్డాను. తెలిసి చేసుంటే ఇంకెంత బాగుపడుందునో!" అని కొండబాబు తల పట్టుకున్నాడు.

తిరుమలేష్‌కి ఎక్కడో చిన్న భయం పుట్టింది. అప్పటికే ఆలస్యమైపోయింది. కొండబాబు బోండాం మీద ఎర్రబొట్టునే చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "మా జాహ్నవి జాతకం వైజాగ్ లెక్కనే వేయించాను మాస్టారూ. పిల్ల పుట్టింది ఇక్కడ కదా."

చేతులు కడుక్కునేలోగా సిద్ధాంతి గారికి ఫోన్ వెళ్ళింది. మళ్ళీ వక్కపొడి నోట్లో వేసుకునేలోగా జవాబొచ్చింది. పోర్ట్ బ్లెయిర్ లెక్కన అమ్మాయి లగ్నం ఒక రాశి ముందుకి జరిగిందట. అంతవరకూ ఐదో ఇంట్లో పెద్దమనిషిలా కూర్చున్న కుజుడు నాలుగో ఇంట్లోకొచ్చి పడ్డాడట. అంటే కుజదోషం. దోషమున్న పిల్లని దోషం లేనివాడికిస్తే మొగుడికి గండం.

రమాదేవి ఇంకా టార్చి పట్టుకునే ఉంది. ఆవిడ ఇటు తిరిగేసరికి వెలుతురు బోండాం మీంచి జారి తిరుమలేష్ మొహం మీద పడింది. "నా తల్లే, కొంప మునిగింది," అని అక్కడే కూలబడింది.

ఆ సాయంత్రం జాహ్నవి ఫోన్ చేసింది. ఒకటే అడిగింది. "భూమి నిన్నేమైనా అడిగిందా, నా తరఫున వాదించు అని? ఒక్క పూట నోరు మూసుకోలేకపోయావా?"

"నిజం చెప్పాను జానూ."

"బస్, ఇక చాలు. ఆ నిజాన్నే చేసుకో పెళ్ళి," అని పెట్టేసింది. తిరుమలేష్‌కి దిక్కు తోచలేదు. ఆమె లేకుండా ఈ దీవుల్లో తన మాటలు వినేదెవరు? వినకపోతే పోయె, ఆమె లేకుండా తనుండగలడా? ఉండలేడు. అది ఏ లెక్కా వేయకుండానే తెలిసిపోయింది.

సైన్స్‌తో చెడిపోయింది సైన్స్‌తోనే బాగుపడుతుందనుకున్నాడు పిచ్చివాడు. మర్నాడు బడి వదలగానే అబర్డీన్ బజారుకి పరిగెత్తాడు. షాపులో వలల మధ్య కొండబాబు దిగులుగా కూర్చుని ఉన్నాడు. పక్కన పొట్టి ఇనపఊచ ఒకటి నిలబెట్టి ఉంది. పొద్దున్న డాబా మీద పాతి నీడ చూశాడట. పన్నెండు కొట్టకముందే నీడ పొట్టిదై, మళ్ళీ సాగడం మొదలుపెట్టిందట. "మీరు చెప్పింది పక్కా నిజం మాస్టారూ," అన్నాడు కన్నీళ్ళ పర్యంతమై.

"మావయ్య గారూ, కుజుడు కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. అంత దూరం నుంచి పసిపిల్లని ఆయనెంత లాగుతాడు? పురుడు పోసిన నర్సమ్మ ఒళ్ళు లాగినంత కూడా లాగడు. గురుత్వాకర్షణ లెక్కది."

కొండబాబు ఆలోచించాడు. "చంద్రుడు కూడా దూరమే కదా. ఆయన లాగితేనే కదా పోటొస్తాది? మొన్న మీరే చెప్పారంట, చేపల బజార్లో."

"అది... సముద్రం పెద్దది. అందుకని..."

"చంద్రుడు సముద్రాన్నే లాగీగలిగితే, కుజుడు నా పిల్లని లాగలేడేటి? రెండున్నర కిలోలుంది పుట్టినప్పుడు."

తిరుమలేష్ దారి మార్చాడు. "సరే, వెలుతురు సంగతి చూద్దాం. ఆకాశంలో ఎర్రగా కనిపించే కుజుడు ఇప్పటి కుజుడే కాదు. ఆ వెలుతురు మన దాకా రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మీరు చూసేది పాత కుజుణ్ణి."

కొండబాబు ఉలిక్కిపడి ఫోన్ అందుకున్నాడు. "అచ్ఛా! అయితే ఆ నిమిషాలు కూడా కలపమని సిద్ధాంతి గారికి చెప్పాలి!"

తన సర్వీసులో ఇంత చురుకైన విద్యార్థి తిరుమలేష్‌కి తగల్లేదు. ఏ పాఠం చెప్పినా ఇట్టే పట్టేస్తాడు, పట్టుకెళ్ళి పంచాంగంలో కలిపేస్తాడు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది గానీ, ఆ షాపులో గోడలన్నిటికీ వలలు వేలాడుతున్నాయి.

వెళ్ళడానికి లేస్తుంటే కొండబాబు చేయి పట్టుకుని ఆపాడు. "మాస్టారూ, మీరంటే మాకు ప్రాణం. పిల్ల అన్నం ముట్టడం లేదు. ఒక్క దారుంది. దోషానికి దోషమే విరుగుడు. మీకూ కుజదోషం ఉందనుకోండి, రెండూ కొట్టీసుకుంటాయి. మీ జాతకం కూడా వైజాగ్ లెక్కే కదా? సిద్ధాంతి గారు చూశారు. మీరు సూర్యుడొచ్చిన అరగంట లోపల పుట్టుంటే దోషం ఉన్నట్టేనట. జాతకంలో రాయించిన టైము సరైందో కాదో, మీరు అసలు ఎప్పుడు పుట్టారో ఇంట్లో కనుక్కుని చెప్పండి. నిజం చెప్పాలి సుమండీ. మీరెలాగూ నిజమే చెప్తారు."

తిరుమలేష్ జంగ్లీఘాట్ వెళ్ళి తల్లి సీతాలుని అడిగాడు. ఆవిడ ఎండుచేపలు తిరగేస్తూ నవ్వింది. "నువ్వు పుట్టినప్పుడు గడియారం చూసే తీరిక ఎవుడికిరా? ఈపు పగిలిపోతంటే! మీ అయ్య వేటకెళ్ళి తిరిగొచ్చాక కదా నిన్ను చూశాడు. ఆ పడవొచ్చిన టైమే రాయించాడు జాతకంలో."

"మరి తెల్లారిందా అప్పటికి?"

"ఏమోరా. దీపం ఉన్నట్టు గుర్తు. లేదా కిటికీలోంచి వెలుతురో. ఏదో వెలుతురైతే ఉంది," అంది సీతాలు.

అంటే కలిసిన జాతకాలు కలిసింది పడవ జాతకంతో! తిరుమలేష్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బడిలో కొందరు పిల్లలుంటారు. ప్రాక్టికల్‌లో రావలసిన జవాబు ముందే రాసేసుకుని, దానికి సరిపడా రీడింగులు తర్వాత నింపుతారు. అలాంటి వాళ్ళని తిరుమలేష్ బెంచీ ఎక్కించి, సత్యం గురించి పీరియడ్ అంతా ఉపన్యాసం ఇస్తాడు. ఆ ఉపన్యాసం ఇప్పుడు తనకే వినిపిస్తుంటే, జెట్టీ గోడ మీద కూర్చుని కొండబాబుకి ఫోన్ చేశాడు.

"ఐదుంబావుకి పుట్టానట మావయ్య గారూ."

"అప్పటికి సూర్యుడొచ్చీశాడా?" కొండబాబు ఆశగా అడిగాడు.

"వచ్చేశాడు. ఇక్కడ ముందే వస్తాడు కదా," అన్నాడు తిరుమలేష్. ఆ మాటలో రెండో ముక్క నిజమే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా జాహ్నవి ఆ పూట అన్నం తిందని తెలిశాక హాయిగా నిద్రపట్టింది.

పెళ్ళి మే నెలలో, పొద్దున. ముహూర్తం పోర్ట్ బ్లెయిర్ లెక్కకి మార్పించానని కొండబాబు అందరికీ చెప్పాడు. వైజాగ్ పంచాంగాన్ని నమ్ముకున్న చుట్టాలు తాళి కట్టేశాక వచ్చి, భోజనాలకి మాత్రం సరిగ్గా అందుకున్నారు. తమ జాతకాలు కూడా సరిచేయమని ఇద్దరు ముగ్గురు పెళ్ళికొడుకు చెవిలోనే అడిగారు.

పది దాటాక పంతులు గారు దంపతుల్ని పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి, ఉత్తరం వైపు చేయి చూపించారు. "అదిగో సప్తర్షి మండలం. పక్కనే అరుంధతి. కనిపించిందా నాయనా?"

పైన ఎండ పెళపెళలాడుతోంది. పగలు చుక్కలు కనబడవు, సరే. అంతకుమించి, ఆ నెలలో ఆ వేళకి సప్తర్షులు ఆకాశంలోనే లేరు. దిగంతం కింద, కాళ్ళ కిందెక్కడో ఉన్నారు. ఆ సంగతి ఆ పందిట్లో ఒక్కడికే తెలుసు. నోరు దురద పెట్టింది. జాహ్నవి అతని వైపు తల తిప్పలేదు. చిటికెన వేలు మాత్రం గట్టిగా నొక్కింది.

"కనిపించిందండీ," అన్నాడు తిరుమలేష్.

"ఎలా కనబడతాది?"

అందరూ వెనక్కి తిరిగారు. కొండబాబు నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని ఆకాశమంతా గాలిస్తున్నాడు. "పట్టపగలు చుక్క ఎలా కనబడతాది మాస్టారూ? సూర్యుడి వెలుతురు మింగీదా? మీరు నేర్పిన లెక్కేగా ఇది. అబద్ధం దర్శనం నా కూతురికొద్దు. రాత్రి దాకా ఆగుదాం. చుక్క వచ్చాకే అప్పగింతలు."

రమాదేవి గుండెల మీద చెయ్యేసుకుంది. పంతులు గారు గడియారం చూసుకున్నారు. జాహ్నవి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్ని నెలల దిగులూ మళ్ళీ మొదటికొచ్చేలా ఉంది. తిరుమలేష్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

"మావయ్య గారూ," అన్నాడు గొంతు పెంచి. "సైన్స్ మాస్టర్ని నేనా, మీరా? కనిపించిందని చెబుతున్నాను కదా!"

కొండబాబు నిర్ఘాంతపోయాడు. అల్లుడి మొహం చూశాడు. ఈ మనిషి జన్మలో అబద్ధం ఆడి ఎరగడు. మెల్లగా మళ్ళీ తలెత్తి, మండే ఆకాశంలోకి కళ్ళు నీళ్ళు కారేదాకా చూశాడు.

"ఆఁ... అవును మాస్టారూ," అన్నాడు. "నాకూ కనబడతంది."