గోడకు, కారుకు మధ్య

జ్వరం తగిలిన బిడ్డ నుదురు చూసినట్టు, బాబావలి వేళ్ల వెనకభాగాన్ని కారు చార్జర్ ప్లగ్గుకు ఆనించాడు. నిన్నటికంటే వేడిగా ఉంది. సాకెట్ చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ టీ మరక పడ్డట్టు గోధుమరంగుకు తిరిగింది. ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య అగ్గిపెట్టెంత మీటర్ ఉంది. కళ్లజోడు పైకెత్తి, వంగి అంకె చదివాడు. గోడలోంచి పోయింది పన్నెండు యూనిట్లు. వాకిట్లోకి వెళ్లి కారు తెర మీద చూశాడు. కారుకు చేరింది తొమ్మిదిన్నర. గుమ్మం వెనక మేకుకు వేలాడే కాగితం మీద పెన్సిల్‌తో రెండూ రాసుకుని, ప్లగ్గు పీకి, అప్పుడు ఏసీ వేసుకున్నాడు. రెండింటికీ ఒకటే తీగ. కలిపి వేస్తే మీట పడిపోతుంది.

గేటు పక్కనున్న ఆ డ్రైవర్ గదిలో అతను పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాడు. కిటికీ లేదు. తలుపు పైన చేతిరుమాలంత వెంటిలేటర్. మధ్యాహ్నం మూడింటికి అందులోంచి ఎండ దిగి, మంచం కోడు మీద పది నిమిషాలు కూర్చుని వెళ్లేది. రియాద్ మొత్తంలో అతనికి నచ్చిన ఎండ అదొక్కటే.

ఇంటి యజమానురాలు కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఈ ఎలక్ట్రిక్ కారు కొన్నాక తనే నడుపుకుంటోంది. ఆమె అత్తగారిని వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లే పని బాబావలికి ఉండేది. ఆ పెద్దావిడ రంజాన్‌కు ముందే కన్నుమూసింది. ఇక మిగిలింది కారుకు ప్లగ్గు పెట్టడం, తీయడం.

"రెండు వారాలు మా తమ్ముడి ఇంట్లో గోడ చార్జర్‌తో, రెండు వారాలు ఈ సాకెట్‌తో చూడు బాబా," అంది మేడమ్. "ఏది మేలో నువ్వే చెప్పు. నువ్వు చెప్పినట్టే చేస్తాను."

రాయచోటిలో డిగ్రీ రెండో ఏడు దాకా చదివినవాడు కాబట్టి ఆ పని అతనికి అప్పజెప్పింది. ఆమె నోటితో అనని సంగతి ఇద్దరికీ తెలుసు. కారు దిగేటప్పుడు తగిలిస్తే చాలు, గోడ చార్జర్ దానంతటదే మొదలై దానంతటదే ఆగుతుంది. మనిషి అక్కర్లేదు. బాబావలి ఇకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, వచ్చే నెలతో అయిపోతుంది.

గోడ చార్జర్ పెట్టాల్సివస్తే దానికి కొలతలు తీసుకోవడానికి పదింటికి నాగేందర్ వచ్చాడు. జగిత్యాల మనిషి, మెయింటెనెన్స్ కంపెనీలో ఎలక్ట్రీషియన్. మీట దించి పని మొదలుపెట్టిన కాసేపటికే చొక్కా వీపుకు అంటుకుంది.

"ఇటుకబట్టీ లెక్కున్నది గద చాచా! రాత్రిళ్లు గిట్లనే పంటున్నవా?"

"రాత్రి కారుకు, పగలు నాకు. వంతులప్పా."

నాగేందర్ సాకెట్ చూసి పెదవి విరిచాడు. "ఇంకో నెల నడిస్తే గిది అంటుకుంటది."

"పన్నెండు పోతే తొమ్మిదిన్నరే చేర్తాంది. వాళ్ల తమ్ముడింట్లో పదకొండు చేరె. తక్కింది యాడికి పోతాదప్పా?"

"కొంత వేడైతది. కొంత కారే తింటది. సన్నగ పోతుంటే రాత్రంత మేల్కొని ఉండాలె గద? పంపు తిరగాలె, ఫ్యాన్ తిరగాలె. గోడ డబ్బా అయితే జల్ది నింపి పండవెడ్తది."

బాబావలి కాగితం మీది అంకెలు మళ్లీ చూశాడు. "అంటే, సన్నంగా పంపితే మేలుకోనుండేదానికే శానా పోతాదనమాట."

"మస్తు చెప్పినవ్." నాగేందర్ టేపు చుట్టుకుంటూ గొంతు తగ్గించాడు. "కాగితం ఇచ్చినవా?"

"రెండింటికొస్తాది మేడమ్. ఈపొద్దే ఆయమ్మ చేతికియ్యాల."

"ఎట్ల రాసినవ్?"

"ఉండేది ఉన్నట్టే."

"పిచ్చా ఏంది చాచా? ఆ తొమ్మిదిన్నరలన్ని పదిన్నరలు చెయ్యి. ఎవడు చూడొచ్చిండు? సాకెట్ నేను కొత్తది ఏస్త. డబ్బా వెడ్తే నీకు ఖురూజ్ వీసా కొట్టి ఇంటికి తోలుతరు."

"ఇంటికే గదప్పా తోలేది."

"మరి ఇంటికి పోనీకి గంత మొఖం ఏలాడేస్తవేంది?"

బాబావలి నవ్వి, ఫ్లాస్కులోంచి అతనికి టీ పోశాడు.

భార్య రహమత్బీ పోయి నాలుగేళ్లు. అతను చేరేసరికే సమాధి మీద మట్టి ఆరిపోయింది. పదకొండు రోజులుండి తిరిగొచ్చాడు. వాళ్ల కాపురమంతా ఫోనులోనే గడిచింది. ఈ గదికి ఆమె ఎప్పుడూ దూరానే ఉండేది కాబట్టి, ఇక్కడ ఆమె లేకపోవడం పూర్తిగా జరగనేలేదు. బజారులో మంచి చింతపండు కనబడితే సాయంత్రం రహమత్బీకి చెప్పాలి అనుకుంటాడు. తరవాత గుర్తొస్తుంది. అలా గుర్తొచ్చేలోపు ఒక్క క్షణం ఆమె రాయచోటిలో పొయ్యి ముందు కూర్చునే ఉంటుంది. రాయచోటిలో అయితే ఆ క్షణం ఉండదు. పొయ్యి కళ్లెదురుగానే ఉంటుంది.

నాగేందర్ వెళ్లాక కాగితం ఒళ్లో పెట్టుకున్నాడు. రబ్బరు తీసి పొద్దుటి తొమ్మిదిన్నరను చెరిపాడు. ఆ ఖాళీ వైపు చాలాసేపు చూశాడు. ఫోనులో 'తిన్నాను' అంటే రహమత్బీ నమ్మేది కాదు. ఏం తిన్నావో చెప్పు, అనేది. ఒక్క మెతుకు అబద్ధం చెప్పినా గొంతు వినే పట్టేసేది. పెన్సిల్ తీసుకుని తొమ్మిదిన్నర అనే మళ్లీ రాశాడు, ఈసారి ముదురుగా.

మేడమ్ కారు దిగి, గేటు నీడలో నిలబడే కాగితం చదివింది.

"ఇక్కడ చెరిపావేం బాబా?"

"తప్పు రాయబోయి మానుకున్నాను మేడమ్," అన్నాడు తనకొచ్చిన అరబ్బీలో. "గోడ చార్జరే మేలు."

ఆమె కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది. "షుక్రన్," అని కృతజ్ఞత చెప్పింది. సాయంత్రం లోపలినుంచి కబ్సా అన్నం పళ్లెం వచ్చింది, మెత్తటి మాంసం ముక్కలన్నీ పైన పేర్చి.

మరుసటి మంగళవారం అతని గది బయటి గోడకు తెల్లటి డబ్బా ఎక్కింది. దానికి వేరే తీగ. ఆ రాత్రినుంచి కారుకూ ఏసీకీ వంతుల్లేవు. ఖురూజ్ వచ్చేదాకా ఉన్న తొమ్మిది రాత్రులూ అతను దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

బెంగుళూరు విమానానికి మేడమే దింపుతానంది. బాబావలి అలవాటుగా ఎడమవైపున్న డ్రైవర్ తలుపు దాకా నడిచి, చెయ్యి వేసి, ఆగిపోయాడు. ఆమె తాళం పట్టుకుని నిలబడింది. అతను కారు చుట్టూ తిరిగివెళ్లి అవతలి సీట్లో కూర్చున్నాడు. గేటు దానంతటదే మూసుకుంది.

మూడింటికి వెంటిలేటర్ ఎండ దిగి, పరుపు తీసేసిన మంచం కోడు మీద కాసేపు ఆగింది. కమిలిన సాకెట్‌కు అగ్గిపెట్టెంత మీటర్ అలాగే ఉంది. దానికి ఇప్పుడు ఏదీ తగిలించి లేదు. పై వరుసలో సున్నా, కింది వరుసలో ఇన్నాళ్లూ గోడలోంచి పోయినదంతా.