ఆఁ అనేసే మనిషి

…తప్పితే మాత్రం ఏమవుతుంది, ఆకాశం ఊడి నెత్తిన పడదు, పొయ్యి దగ్గరికి తిరిగి వెళ్తాడు, రేపు పొద్దున మామూలుగానే ఉల్లిపాయలు తరుగుతాడు, అంతేగా. కానీ ఆ ‘అంతేగా’ దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కాలికి ఏదో అడ్డం తగులుతోంది. అంతే కాదు. తప్పితే ఆమె వచ్చేస్తుంది.

పరీక్ష జరిగే భవనం చుట్టూ అతను ఇంకో చుట్టు తిరిగాడు. వెనక సైకిళ్ళ స్టాండు, పక్కన జిరాక్సు కొట్టు, ముందు గేటు, మళ్ళీ సైకిళ్ళ స్టాండు. జిరాక్సు కొట్టాయన ఈసారి కళ్ళజోడు పైకి తోసుకుని మరీ చూశాడు. కాళ్ళు ఆగితే భయం మీదికొస్తోంది. నడుస్తున్నంతసేపూ అది వీధికుక్కలా వెనకాలే వస్తోంది గానీ కరవడం లేదు.

గేటు పక్కన మెట్టు మీద మరదలు కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. మందుల షాపులో ఆమెకి పని. ఈ పూటకి సెలవు పెట్టి వచ్చింది. తోడుకని పైకి చెప్పింది గానీ వచ్చింది కాపలాకని ఇద్దరికీ తెలుసు.

“బావా, ఇంకో రౌండు కొట్టావంటే జిరాక్సాయన నిన్ను కూడా ఓ కాపీ తీసి గోడకి అంటిస్తాడు. వచ్చి కూర్చో.”

“కూర్చుంటే మర్చిపోతాను.”

“నడుస్తుంటే గుర్తున్నాయా?”

“లేదు.”

“అయితే కూర్చునే మర్చిపో. కాళ్ళయినా మిగుల్తాయి.”

అతను కూర్చున్నాడు. వెంటనే లేచాడు.

అతని భార్య నర్సు. ఏడాది దాటింది, పరాయి దేశంలో ముసలివాళ్ళ ఆసుపత్రిలో పనిచేస్తోంది. భర్త వెళ్ళి ఆమెతో ఉండాలంటే అక్కడి భాష కాస్తయినా వచ్చని పరీక్ష రాసి చూపించాలి. రాయడం, చదవడం, వినడం, మాట్లాడడం. మొదటిసారి మూడు గట్టెక్కి, మాట్లాడడంలో పోయింది. ఇవాళ రెండోసారి. పొద్దున రాతపరీక్ష అయిపోయింది, మాట్లాడేదే మిగిలింది. ఇది కూడా పోతే ఉద్యోగం మానేసి తనే వచ్చేస్తానని ఆమె పోయిన వారం చెప్పింది. కోపంగా చెప్పినా బాగుండేది. రేపటికి ఏం కూర వండాలో తేల్చేసినట్టు మామూలుగా చెప్పింది. ఆమె మామూలుగా చెప్పిందంటే చేసి తీరుతుంది.

అప్పటినుంచీ అతనికి తన మీద తనకే నమ్మకం పోయింది. క్రితంసారి తప్పింది భాష రాకనా, రాకూడదనా? మనసు ఒకే ముక్క కాదని ఈమధ్యే తెలుస్తోంది. ఒక ముక్క పెనం మీద నూనె కాగే లోపల కూడా మాటలు వల్లె వేస్తుంది. ఇంకో ముక్క గోడకి జేరబడి, చేతులు కట్టుకుని, ‘కానీ కానీ, చూద్దాం’ అన్నట్టు చోద్యం చూస్తూ ఉంటుంది. దాని ముఖం ఎప్పుడూ సరిగ్గా కనపడదు. దానికేం కావాలో మాత్రం కనిపెట్టాడు. ఇల్లు ఇదివరకటిలాగే ఉండాలి. డ్యూటీ దిగి వచ్చి ఆమె గుమ్మం పక్కన చెప్పులు విడిచిన చప్పుడు వినపడాలి. తను అవతల గదిలోంచి కదలకుండా ‘వచ్చావా’ అనాలి. దానికి అంత చాలు.

అక్కడికి వెళ్తే తనేమవుతాడు? ఒకసారి ఆమె ఫోన్లో మాట్లాడుతూండగా వెనకనుంచి ఎవరో ఏదో అన్నారు. ఆమె వాళ్ళ భాషలోనే చప్పున జవాబు చెప్పి నవ్వింది. కాపురం మొత్తంలో అతను ఎరగని నవ్వు అది, మామూలు గొంతు కంటే ఒక మెట్టు పైన. ఎందుకు నవ్వావని అడగలేదు. ఆ నవ్వు పక్కన తను ఎలా నిలబడతాడో ఊహించుకున్నాడు. పెళ్ళింట్లో ఎవరి తరఫు చుట్టమో తేలనివాడిలా, అందరూ నవ్వాక ఒక క్షణం ఆగి తనూ నవ్వుతూ.

“ఓసారి చెప్పు బావా. నీ పేరు, ఊరు, పని. నేను వింటాను,” అంది మరదలు.

“నీకు ఆ భాష రాదుగా.”

“వాళ్ళకి మాత్రం నీ భాష అర్థమైందేమిటి పోయినసారి?”

నవ్వొచ్చింది గానీ పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. పేరు, ఊరు, పని చెప్పడం అతనికి కష్టం కాదు. నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. చిక్కంతా అవతలివాళ్ళు అడిగేదగ్గరే.

అతను బాగా రద్దీగా ఉండే ఒక హోటల్లో వంట మాస్టరు. ఆ వంటగదికి ఒక పద్ధతి ఉంది. చీటీలూ గీటీలూ ఉండవు, సర్వర్లు ఆర్డరు ఒక్కసారే అరుస్తారు. వాళ్ళలో ఒకడున్నాడు, అందరూ సైరన్ అంటారు. తలుపు తోసీ తొయ్యకుండానే, “రెండు ఆమ్లెట్, ఒకటి ఉల్లి లేకుండా, సూపొకటి మిరియం తక్కువ, నూడుల్స్ పార్సిల్!” అని ఊపిరి పీల్చకుండా అనేసి మాయమవుతాడు. పొయ్యి దగ్గర్నుంచి వెంటనే ‘ఆఁ’ అని వినపడాలి. ఫ్యాను హోరు, పెనం చిటపట, గిన్నెలు కడిగేచోట కుళాయి, వీటి మధ్య వాడు చెప్పింది చెవిన పడిందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఆఁ ముందు పడాలి. మళ్ళీ చెప్పమన్నవాడు కొత్తగా చేరినవాడన్నా అయ్యుండాలి, చెవులు పోయినవాడన్నా అయ్యుండాలి. వినపడని ముక్కల్ని తర్వాత పోగు చేసుకోవచ్చు. సైరన్ ఏ ప్లేటు తీశాడు, ప్లేట్లు అందించే కిటికీలోంచి చూస్తే టేబుల్ దగ్గర ఉన్నది పిల్లలా, ముసలివాళ్ళా, బస్సుకి టైమైపోతున్నవాళ్ళా. ఎప్పుడూ ఇంచుమించు సరిపోయేది. సరిపోనినాడు, ఆకలి మీదున్న మనిషి తనేం అడిగాడో తనే మర్చిపోయి తినేసేవాడు.

ఇరవై ఏళ్ళు దాటిన అలవాటు. అది నాలిక మీద ఉండదు, ఇంకా లోపలెక్కడో ఉంటుంది. ఎవరైనా తనవైపు తిరిగి గొంతు పైకెత్తి ఆపితే చాలు, ఆఁ బయటికి వచ్చేస్తుంది.

ఆ భాష నేర్పే టీచరు అతనికంటే చాలా చిన్నది. ఓపిక మాత్రం పెద్దవాళ్ళకుండే ఓపిక. పోయిన నెల క్లాసులో అందరిముందూ అతన్ని ఆ భాషలో ప్రశ్నలడిగింది. వంట ఇష్టమా అంటే అవునన్నాడు. రోజూ వండుతారా అంటే అవునన్నాడు. మూడో ప్రశ్న ఏమిటో తెలియలేదు, అవునన్నాడు. నాలుగోదానికీ అంతే. క్లాసు గొల్లుమంది.

“మాస్టరుగారూ, మీ ఇంట్లో ఏనుగు ఉందన్నారు,” అంది టీచరు మన భాషలోకి వచ్చి. “అది మీ మంచం మీదే పడుకుంటుందని కూడా ఒప్పుకున్నారు.”

“మేత ఎవరు వేస్తారు మాస్టారూ?” అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు.

తనూ నవ్వాడు. చెవులు మాత్రం కాలిపోయాయి. క్లాసయ్యాక టీచరు విడిగా చెప్పింది: “తెలియకపోతే అడగండి. మళ్ళీ చెప్పమని అడిగితే మార్కులేం పోవు. అది కూడా మాట్లాడడమే కదండీ.” దానికో వాక్యం కూడా నేర్పింది. దయచేసి ఇంకొకసారి నెమ్మదిగా చెప్పండి. అతను దాన్ని పొయ్యికి చెప్పాడు, అద్దానికి చెప్పాడు, బస్సులో ముందు సీటు వెనకభాగానికి చెప్పాడు. ఎదురుగా మనిషి ఉంటే తప్ప అది ఎప్పుడైనా వస్తుంది.

మరదలి ఫోను మోగింది. చూసి, “అక్క,” అంటూ అతనికి అందించింది. అతని ఫోను పొద్దున లోపలే తీసేసుకున్నారు.

“ఏమండీ, తిన్నారా?”

“ఆఁ.”

“అబద్ధం,” అని మరదలు పక్కనుంచి అరిచింది. “టీ కూడా ముట్టలేదు. వేరుశనగలు పెడితే జేబులో పోసుకున్నాడు.”

“నీళ్ళన్నా తాగండి. గొంతు ఎండితే మాట రాదు.”

“ఆఁ.”

ఆమె వైపు ఏదో బండి చక్రాలు నేల మీద గరగరమన్న చప్పుడు. పని మధ్యలో వరండాలోకి వచ్చి మాట్లాడుతున్నట్టుంది.

“నేను మా ఇన్‌చార్జికి చెప్పేశానండీ. ఫలితం చూసుకుని చెప్తాను, ఉండేదీ లేనిదీ అని. ఆవిడ బాధపడింది. ఫరవాలేదు. మీరు దాని గురించి మనసులో పెట్టుకోకండి. కాకపోతే వచ్చేస్తాను.”

“ఆఁ.”

బండి చప్పుడు దూరమైపోయింది.

“ఆఁ అంటే ఏమిటండీ?” అందామె. “రమ్మనా, వద్దనా?”

అతను గేటు ఊచ పట్టుకున్నాడు. ఎండకి అది వేడెక్కి ఉంది. వదల్లేదు.

“పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ ఆఁతోనే కాపురం చేశాను. సగం వినేవారు, సగం ఊహించుకునేవారు. అదేం పాపమో గానీ మీ ఊహ చాలామటుకు నిజమే అయ్యేది, అందుకే పోట్లాడ్డానికి కూడా కుదిరేది కాదు. కానీ ఒక్కసారన్నా ‘ఏమన్నావే’ అని అడిగితే బాగుండునని ఉండేది. అడిగితే కొరుకుతానా?”

“అది కాదే…”

“ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ అంతే. ఒక పెద్దాయన రోజూ ఏదో అనేవాడు. నేను అన్నిటికీ తలూపి, మూత్రం గిన్నె తెచ్చి పెట్టేదాన్ని. పాపం ఆయన కిటికీ తియ్యమని అడుగుతున్నాడట. వారం రోజులు, గిన్నె!” ఆమె నవ్వింది. ఆ పైమెట్టు నవ్వే. ఇంత దగ్గరగా వింటే అది కొత్తగా లేదు. ఎప్పుడో, కాపురానికి వచ్చిన కొత్తలో, పొంగిపోయిన పాలు ఇద్దరూ కలిసి తుడుస్తూ ఉండగా విన్నట్టుంది. లేక ఇది కూడా తన ఊహేనేమో. “ఇప్పుడు అందర్నీ అడుగుతాను. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు. సరే, నన్ను పిలుస్తున్నారు.”

“ఆగు. నీకు అక్కడ…” అన్నాడు.

ఫోను అప్పటికే ఆగిపోయింది. ఆ ప్రశ్న నోట్లోనే ఉండిపోయింది, వేడి ముద్ద మింగలేక కక్కలేక నాలిక మీద దొర్లించినట్టు. నీకు అక్కడ ఉండాలని ఉందా? ఏడాదిగా ఈ మాట అడగలేదు. అడక్కుండానే జవాబు ఊహించుకున్నాడు, ఏ ప్లేటు తీసిందో చూసి. ఆమె మానేసి వస్తే గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు వినపడుతుంది, నిజమే. ఆ చప్పుడు చేసే మనిషి ఆ నవ్వుని అక్కడే వదిలిపెట్టి వచ్చి ఉంటుంది. దానికి కూడా తను ‘వచ్చావా’ అనే అంటాడు.

“పేరు పిలుస్తున్నారు బావా. లే. గేటుని తీసుకెళ్ళనివ్వరు, ఊచ వదులు.”

లోపల వరండా నిండా తన వయసులో సగం ఉన్న పిల్లలు. ఒక అమ్మాయి కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. అతనికి అరచేతులు తడిసిపోయాయి, ప్యాంటుకి తుడుచుకున్నాడు, మళ్ళీ తడిశాయి. గదిలో బల్లకి అవతల ఇద్దరు. ఒకావిడ అడుగుతుంది, ఒకాయన పెన్ను పట్టుకుని వింటాడు. తలుపు మూసుకోగానే బయటి చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా పోయాయి. అంత నిశ్శబ్దంలో మాట్లాడిన అలవాటు అతనికి లేదు. ఫ్యాను హోరు ఉంటే దాని చాటున దాక్కోవచ్చు. ఇక్కడ తన ఊపిరి తనకే వినపడుతోంది.

పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. వంట చేస్తానన్నాడు. ఆవిడ చిరునవ్వు నవ్వి, భార్య ఏం చేస్తుందని అడిగింది. ‘నర్సు’ అన్నాడు, ‘ముసలివాళ్ళని చూసుకుంటుంది’ అని కూడా చేర్చాడు. పెన్ను కదిలింది. మంచికో చెడుకో తెలియలేదు.

తర్వాత ఆవిడ ఇంకొకటి అడిగింది. పొడుగాటి ప్రశ్న. అందులో ఒక మాట తెలిసినట్టే ఉంది, మిగతాదంతా సైరన్ అరిచినట్టు చెవుల పక్కనుంచి వెళ్ళిపోయింది. చివర్లో ఆవిడ గొంతు పైకి లేచి ఆగింది. కనుబొమలు పైకెత్తి చూస్తోంది ఆవిడ.

ఆఁ గొంతులోకి వచ్చేసింది. దాని బరువు, వేడి, అన్నీ తెలుస్తున్నాయి. అంటే చాలు. అవునన్నా ఏదో ఒకటి సరిపోవచ్చు. సరిపోకపోతే ఆమె వచ్చేస్తుంది, తప్పు అతనిది కాదు, భాషది. గోడకి జేరబడ్డ ముక్క మొదటిసారి ముందుకు వంగి, ‘అనెయ్’ అంది. దాని ముఖం ఇప్పుడు కనపడింది. తన ముఖమే.

అతను పళ్ళు బిగించాడు. టీచరు నేర్పిన వాక్యం కోసం వెతికాడు. దయచేసి, దయచేసి… తర్వాతేమిటి? పొయ్యికి తెలుసు, అద్దానికి తెలుసు, బస్సు సీటుకి తెలుసు, తనకి తప్ప. పెన్ను కాగితం మీద ఆగి ఉంది. చెమటచుక్క ఒకటి చెవి వెనకనుంచి మెడలోకి జారింది.

బల్ల మీద రెండు మోచేతులూ ఆన్చి, ఆవిడ నోటివైపు చూస్తూ ముందుకు వంగాడు. మర్యాద మాటలేవీ దొరకలేదు. ఆ భాషలో చిన్నపిల్లలు అడిగే ఒక్క ముక్క దొరికింది.

“ఏమిటీ?” అని అడిగాడు.