వేలి తొడుగు

"కదలకండి అత్తయ్యా" అంటూ కోడలు తాళ్ళమ్మ కుడి బొటనవేలిని కిటికీ వెలుగుకు తిప్పింది. పాత చొక్కా గుడ్డతో కుట్టిన తొడుగును మెల్లగా లాగేసి, వేలికున్న నూనె జిడ్డు తుడిచి, కళ్ళు చికిలించి చూసింది.

"గీతలు కనిపిస్తున్నాయా అమ్మాయ్?"

"సన్నగా ఉన్నాయి. ఈసారైనా పడాలి. పడకపోతే ఏం చెయ్యాలో నాకు తోచట్లేదు."

పోయిన నెల పింఛను యంత్రం ఆ వేలిని గుర్తుపట్టలేదు. ఈ నెల కూడా పట్టకపోతే పేరు కొట్టేస్తారన్నాడు గుమాస్తా. కళ్ళను చూసే యంత్రమూ ఉందిగానీ, పొర కమ్మిన ఆ కళ్ళు దానికి పనికిరాలేదు. తక్కిన తొమ్మిది వేళ్ళూ ఎప్పుడో చేతులెత్తేశాయి. పెళ్ళయిన నాటినుంచి నారను తొడమీద దొర్లిస్తూ, బొటనవేలితో నొక్కి పురి ఎక్కిస్తూ తాళ్ళు పేనింది ఆవిడ. ఊళ్ళో పశువులు కట్టుబడి ఉన్నా, మంచాలు బిగిసి ఉన్నా ఆ చేతి చలవే. ఆ నారే వేళ్ళమీది గీతల్ని తినేసింది. ఊరికి తాళ్ళమ్మే అయింది, అసలు పేరు పింఛను కాగితంలో తప్ప ఎవరి నోటా మిగల్లేదు.

లారీలకు మూటలెత్తే కొడుకు నడుము పట్టేసి మంచమెక్కాక, పొయ్యి వెలగడానికి ఆ పింఛనే ఆధారమైంది. అది రాని నెలలో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఆమే రెండోసారి అన్నం అడగడం మానేసింది.

నెలాఖరు వారం వచ్చిందంటే తాళ్ళమ్మ చేతికి సెలవు. కోడలు నార కట్టను అటకమీద పడేసేది. గిన్నెలు ముట్టనిచ్చేది కాదు. పొద్దుగూకగానే పక్కన కూర్చుని వేలికి నూనె మర్దనా చేసి తొడుగు వేసేది. వేలికి పులుసు తగిలితే మంట పుడుతుందని అన్నం తనే కలిపి నోట్లో పెట్టేది.

"ఏమమ్మోయ్, వేలికి పెళ్ళి కుదిరిందా, ఇన్ని సింగారాలు చేస్తున్నారు?" అని పక్కింటావిడ ఎగతాళి చేస్తే తాళ్ళమ్మ కూడా పగలబడి నవ్వేది. ఆ వారం కోసమే తను నెలంతా ఎదురుచూస్తుందని మాత్రం పైకి అనలేదు. మొగుడు పోయాక ఆమె చెయ్యి మరో మనిషి పట్టుకున్నది ఆ వారాల్లోనే. కోడలు చెడ్డదేం కాదు. తెల్లారిలేస్తే నాలుగిళ్ళలో పాచిపని, మంచంమీద మొగుడు. మిగతా రోజుల్లో ఆ పిల్లకు తన తల దువ్వుకునే తీరికే లేదు.

ఆ పొద్దున పింఛనిచ్చే వరండాలో ముసలివాళ్ళు గోడ వారగా కూర్చుని ఎవరి వేళ్ళు వాళ్ళు తుడుచుకుంటున్నారు. సున్నం పనిచేసిన ముసలాయన తన వేలిని నోటి ఆవిరితో తడుపుతున్నాడు. అంత దూరం నడిచినందుకు తాళ్ళమ్మకు ఆయాసంగా ఉంది. చెబితే కోడలు కంగారుపడుతుందని పళ్ళబిగువున ఓర్చుకుంది.

"గట్టిగా నొక్కకండి పెద్దమ్మా" అన్నాడు గుమాస్తా.

ఎర్రదీపం వెలిగింది. మళ్ళీ పెడితే మళ్ళీ ఎర్రదీపమే. కోడలు తన చీరచెంగుతో ఆ వేలిని గట్టిగా తుడిచి, తనే పట్టుకుని యంత్రంమీద ఆనించింది. పచ్చదీపం వెలిగింది.

కోడలు అందరిముందూ ఆ వేలిని కళ్ళకద్దుకుంది. అద్దుకున్నది వేలినేనని తాళ్ళమ్మకు తెలుసు. అయినా కడుపు నిండిపోయింది.

ఇంటికి రాగానే నార కట్ట అటక దిగింది. అన్నం కంచం ముందుకొచ్చింది. కలిపి పెట్టే చెయ్యి మాత్రం పనికి పోయే తొందరలో ఉంది.

తాళ్ళమ్మ పొద్దున విప్పిన తొడుగును అందుకుంది. "అమ్మాయ్, ఈ ఒక్కరోజు తొడుగు ఉంచుకోనా?"

"ఎందుకత్తయ్యా, పడిందిగా! మాసిపోతే వచ్చే నెలకి ఇబ్బంది. ఉతికి ఆరేస్తా, ఇలా ఇవ్వండి."

తాళ్ళమ్మ ఇచ్చేసింది. చేతులు ఊరుకోలేదు. పెరట్లో గోడకు ఆనుకుని నార తీసి రెండు పాయలు చేసింది. కొత్తగా వచ్చిన లేత చర్మం భగ్గున మండింది. ఓర్చుకుని పురి ఎక్కించింది. పొద్దు వాలేసరికి తాడు ఒడి దాటి నేలమీదికి పాకింది. తర్వాత పాకలేదు.

పాచిపని ముగించుకుని వచ్చిన కోడలు పెరట్లోకి తొంగిచూసి, వేలిమీద నెత్తురు చార చూసి గబగబా వచ్చింది.

"ఇప్పుడేగా నయమైంది, అప్పుడే పాడుచేసుకున్నారా? మీతో ఎలా వేగేదండీ?" అంటూ ఆ చెయ్యి పట్టుకుంది.

చెయ్యి చల్లగా ఉంది.

కోడలు నారలో అలాగే చతికిలబడి, ఆ వేలిని రెండు చేతులమధ్య పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. లోపలినుంచి మొగుడు పిలుస్తున్నా వదల్లేదు. ఇక పైసా తేలేని ఆ చేతికోసం ఏడ్చింది.

ఎదురుగా దండెంమీద వేలి తొడుగు ఆరిపోయి ఉంది, గాలికి ఎగిరిపోకుండా పిన్నీసు పెట్టి, వచ్చే నెలకోసం.