గొట్టంలో మిగిలిన మందు

వదిన ఉద్యోగం మానేస్తానని చెప్పింది మేడ మెట్ల మీద నుంచి. ఆ రోజుల్లో మా ఇంట్లో ముఖ్యమైన మాటలన్నీ మెట్ల మీదే జరిగేవి. తను మహమ్మారి రోగులుండే ఐసీయూలో నర్సు కాబట్టి, జబ్బు మాకు అంటకూడదని మేడ మీద గదిలో విడిగా ఉండేది. అన్నం పళ్ళెం మెట్టు మీద పెట్టి నేను వెనక్కి తగ్గాక దిగి వచ్చి తీసుకునేది. అన్నయ్యకీ అంతే దూరం, నాకూ అంతే దూరం.

"సోమవారం మేట్రన్ గారిని అడుగుతాను, ఐసీయూ నుంచి తీసెయ్యమని. కుదరదంటే మానేస్తాను."

"ఏమైంది వదినా?"

"నా హస్తవాసి మంచిది కాదు."

నేను పకపకా నవ్వేశాను. వదిన నవ్వలేదు. మెట్టు మీద కూర్చుని తన కుడిచేతిని వేరెవరిదో అన్నట్టు చూసుకుంటోంది.

విషయం లిఫ్టు బాబాయిది. మా ఆసుపత్రిలో లిఫ్టు నడిపే మనిషి, ఊరందరికీ బాబాయే. నేను అక్కడే మందుల విభాగంలో ఫార్మసిస్టుని. మందుల పెట్టెతో ఎక్కితే చాలు, డాక్టర్లని కూడా పక్కకి జరగమనేవాడు. "ముందు మందు వెళ్ళాలండీ, వైద్యం దాని వెనకాల వస్తుంది" అనేవాడు. ఆయనకి ఇప్పుడు ఆ మహమ్మారి సోకి, మూల గదిలో శ్వాసయంత్రం మీద ఉన్నాడు. బీపీ పడిపోకుండా నిలబెట్టే మందు సిరంజి పంపు లోంచి చుక్కచుక్కగా రాత్రింబవళ్ళు ఎక్కుతూనే ఉండాలి. ఆ వార్డులో అప్పటికి ఆ మందు మీద బతుకుతున్నది ఆయనొక్కడే.

"పొద్దున డ్యూటీ ఎక్కి కొత్త సిరంజి పెడతానా, కాసేపటికి బీపీ జారిపోతుంది. రేటు పెంచితే ఎంతసేపటికీ కదలదు. ఆ తర్వాత ఒక్కసారిగా ఆకాశానికి ఎగురుతుంది. రోజూ ఇదే. రాత్రి వాళ్ళు మారిస్తే ఏమీ కాదు. నేను సెలవు పెట్టిన ఆదివారం చూడు, రాయిలా నిలబడిందట. ఇంకోసారి అలా పడితే ఆయన గుండె తట్టుకోదని డాక్టరుగారే అన్నారు. ఎవరూ నా మొహాన అనరు కానీ, అందరూ నా చేతికేసే చూస్తున్నారు."

"ఎవరో చూస్తే నీకేం? ఆడబిడ్డని, అర్ధమొగుణ్ణి, నేను చెప్తున్నా, నీ చెయ్యి బంగారం."

"బంగారం అయితే బ్యాంకులో పెట్టుకో. ఆయన మీద పెట్టొద్దు." పళ్ళెం తీసుకుని పైకి వెళ్ళిపోయింది. సగం మెతుకులు వదిలేసిందని తర్వాత చూశాను.

నాకు హస్తవాసి మీద నమ్మకం లేదు. అయితే ఒకే పని రోజూ ఒకేలా జరుగుతుంటే దాని వెనక ఏదో ఒకటి ఉండి తీరుతుందని మాత్రం గట్టి నమ్మకం. చిన్నప్పటి నుంచీ నాకిదో జబ్బు. 'ఎందుకు' అన్నది బుర్రలో దూరితే ముద్ద దిగదు, నిద్ర పట్టదు. అమ్మ దాన్ని ఎందుకుపురుగు అనేది. ఆ సాయంత్రం పురుగు కుట్టింది.

మర్నాడు పొద్దున్నే మా పెద్దాయన దగ్గర కూర్చున్నాను. మందుల విభాగానికి ఆయనే పెద్ద. సీసా మీద పేరు చదివి, తిప్పి మళ్ళీ చదివి, అద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదువుతాడు కాబట్టి మేమంతా ఆయన్ని అనుమానంగారు అంటాం. ఆయనకీ తెలుసు, పట్టించుకోడు.

"ముందు మన మీదే అనుమానం పెట్టుకుందాం" అన్నాడు. ఆయన తీరే అంత.

దానికి కారణముంది. జబ్బు అంటుకునేది కావడంతో గదిలోకి అడుగుపెట్టాలంటే నర్సులు గౌను, మాస్కు, కళ్ళద్దాలు, రెండు జతల చేతి తొడుగులు వేసుకోవాలి. పంపు కుయ్యిమన్న ప్రతిసారీ అదో పెద్ద తతంగం. అందుకని వార్డువాళ్ళు పంపులన్నీ వరండాలోకి తెచ్చి, పొడుగాటి గొట్టాలు తలుపు కింద నుంచి మంచం దాకా లాగారు. మేమూ ఊరుకోకుండా మందుని రెట్టింపు చిక్కగా కలిపి పంపడం మొదలుపెట్టాం. దాని పేరు డబల్ సిరంజి. సగం వేగంతో నడిపితే చాలు, మార్చే పనీ సగమవుతుంది. రాత్రిళ్ళు మా కలిపే గది మూసి ఉంటుంది కాబట్టి, డబల్ అయిపోతే నర్సులే వార్డులో మామూలు సింగిల్ కలుపుకుంటారు. పొద్దున మళ్ళీ మా డబల్.

మేం పంపిన డబల్ నిజంగా డబలేనా? అనుమానంగారు దగ్గరుండి కలిపించి చూశాడు. డబలే. మందు ఉండే గాజు ఆంపూళ్ళు వేరే రకం వచ్చాయా? లేదు. ఎండ తగిలి మందు చెడిందా? ఎండ కాదు కదా, దీపం వెలుగు కూడా తగలకుండా చుట్టి పంపుతున్నాం. మధ్యాహ్నానికి మాకు తెలియనివి ఎన్ని ఉన్నాయో అన్నీ తెలిశాయి, కావలసినది తప్ప.

సాయంత్రం ఆయన ఏప్రాను విప్పుతూ, "రేపు ఆదివారం. గది కడుగుతారు, ఎవరూ కలపడానికి రావద్దు" అన్నాడు.

నేను సంచీ భుజానికి వేసుకుంటున్నదాన్ని ఆగిపోయాను. ఆదివారం వదినకి సెలవు. ఆదివారం మాకూ సెలవే! ఆ రోజు డబల్ వెళ్ళదు, రోజంతా సింగిలే నడుస్తుంది. బీపీ పడేది వదిన వచ్చినందుకు కాదు, మా డబల్ వచ్చినందుకు. కానీ డబల్ మంచిదేనని పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నాం. మంచి మందు మనిషిని ఎందుకు పడేస్తుంది?

ఆదివారం వంటింట్లో గిన్నెలు తోముతూ కూడా అదే ఆలోచన. మేడ మీద స్నానాలగది నుంచి వదిన కేక వినిపించింది.

"గీజరు వేశావా లేదా? చన్నీళ్ళే వస్తున్నాయి!"

"వేశాను! గొట్టంలో ఉన్న చన్నీళ్ళు ముందు పోవాలిగా, కాస్త ఆగు!"

అనేశాక నా నోట్లోంచి వచ్చింది నాకే వినిపించింది. గిన్నె చేతిలోంచి జారి సింకులో పడింది. తడిచేతుల్తోనే వార్డుకి ఫోన్ చేసి, నేను చెప్పేదాకా బాబాయికి సింగిలే నడపమన్నాను. డాక్టరుగారు ఎందుకని అడిగారు. సోమవారం కిందికి వచ్చి చూడమన్నాను.

సోమవారం మా బల్ల మీద అదే రకం పంపు, అంతే పొడుగు గొట్టం పెట్టాం. గొట్టం నిండా మామూలు సెలైన్ నీళ్ళు. సిరంజిలో మాత్రం విటమిన్ ఇంజెక్షన్ పోశాను, అది దానిమ్మరసంలా ఎర్రగా ఉంటుంది. గొట్టం కొస ఒక గ్లాసులోకి వదిలి, బాబాయికి పొద్దున పెట్టే వేగంలోనే పంపు నడిపాం.

ఎరుపు సిరంజి దాటి గొట్టంలోకి వచ్చింది. అనుమానంగారు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. డాక్టరుగారు నిలబడే చూస్తున్నారు. కాసేపటికి ఆయనా కూర్చున్నారు. ఎరుపు జానెడు వచ్చింది. మేం ముగ్గురం దూరదూరంగా కూర్చుని టీ తాగాం. ఎరుపు ఇంకా సగం దారిలోనే ఉంది, గ్లాసులో పడుతున్నవన్నీ రంగులేని నీళ్ళే. నాకు ఆనందంతో ఒళ్ళు జలదరించింది, వెంటనే సిగ్గేసింది. అవతల మనిషి ప్రాణం, ఇవతల నా సంబరం.

"అయితే ఇంతసేపూ ఆయనకి..." డాక్టరుగారు అర్ధోక్తిలో ఆగారు.

"సగం మందే అందిందండీ. డబల్ అని వేగం సగం చేశాం. కానీ గొట్టంలో ఉన్నది రాత్రి సింగిలే."

"బీపీ పడుతోందని సిస్టర్ రేటు పెంచింది."

"పెంచిన రేటు మీద డబల్ వచ్చి పడింది. రాత్రి దీనికి తిరగేసి జరుగుతుంది. గొట్టంలో మిగిలిన డబల్ రెట్టింపు వేగంతో తొందరగా వెళ్ళిపోతుంది, బీపీ కాసేపే పెరుగుతుంది. పెరిగితే ఎవరూ భయపడరు కదా."

అనుమానంగారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పంపు బయట పెట్టింది మీరు, చిక్కగా కలిపింది మేము. మధ్యలో గొట్టం పొడుగెంతో ఎవరమూ అడగలేదు. తిలా పాపం తలా పిడికెడు. ఇక రాత్రికీ ఆదివారానికీ కూడా మేమే వంతులవారీగా కలిపి పంపుతాం. అప్పుడు రోజూ సింగిలూ డబలూ మార్చే గొడవే ఉండదు. ఈ ఒక్కసారికి మాత్రం గొట్టాన్ని కూడా డబల్‌తో నింపి ఇస్తాం. పాతది నడుస్తుండగానే దాన్ని కూడా పక్కనే తగిలించి, అది అందుకున్నాక పాతది ఆపండి."

ఆ ఒక్కసారి ఎవరు చెయ్యాలన్నదే మిగిలింది. నింపిన గొట్టం పట్టుకుని పైకి వెళ్ళాను. వదిన అంతా విని కూడా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"అర్థమైంది. అయినా వేరేవాళ్ళతో చేయించు."

"కుదరదు. నువ్వే చెయ్యాలి."

"మళ్ళీ పడితే?"

"పడితే తప్పు నాది. ఈసారి పైకి వచ్చి వరండాలో నిలబడింది అందుకే."

వదిన నన్ను ఎగాదిగా చూసింది. గౌను తొడుక్కుంది. గది తలుపుకున్న అద్దంలోంచి చూస్తున్నాను. మంచం పక్కన వంగి గొట్టం కొస కలిపి, బిగిసిందో లేదో రెండుసార్లు చూసుకుంది. వరండాలో కొత్త పంపు నేను మొదలుపెట్టాను. నా పక్కనే నిలబడ్డ డాక్టరుగారు చెయ్యి ఎత్తగానే పాతది మెల్లగా తగ్గించి ఆపాను. తర్వాత ముగ్గురం తెర మీది అంకె వైపే చూస్తూ ఉండిపోయాం. పడే వేళ వచ్చింది. అంకె అటు ఒక గీత, ఇటు ఒక గీత కదిలింది. అంతే. పడే వేళ వెళ్ళిపోయింది.

బాబాయి చిక్కి సగమై, చాలా వారాలకి మళ్ళీ లిఫ్టులోకి వచ్చాడు. ఇప్పటికీ మందుల పెట్టె చూస్తే డాక్టర్లని జరగమంటాడు. తన బీపీ కథ ఎన్నిసార్లు చెప్పినా, చివర్లో "గొట్టం పొడుగైతే మాత్రం నన్ను పడేస్తారా?" అని అడుగుతాడు.

ఆ సోమవారం మాత్రం, అంకె నిలబడ్డాక వదిన గదిలోంచి బయటికి వచ్చి గౌను విప్పింది, తొడుగులు తీసింది, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. నేను గోడకి ఆనుకుని, మెచ్చుకుంటుందని మొహం విప్పార్చుకుని నిలబడ్డాను. తను నా దగ్గరికి వచ్చి, ఆ కుడిచేత్తోనే నా వీపు మీద ఫెడీమని ఒక్కటి వేసింది.

"మీ గొట్టం చేసిన పనికి ఇన్నాళ్ళూ నా చేతిని తిట్టుకున్నానే!"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తనకీ నాకూ. నెలల తర్వాత ఇంటి మనిషి చెయ్యి నా ఒంటి మీద పడింది. మంట తగ్గేదాకా వీపు రుద్దుకోకుండా అలాగే నిలబడ్డాను.