వీపు మీద కాగితం

చొక్కాల ఫ్యాక్టరీలో ఆఖరి బల్ల తనిఖీ వాళ్లది. కాలరు, కుట్లు, గుండీలు చూసి, జేబులో తమ నంబరు చీటీ పెట్టి పంపాలి. చొక్కా తిరిగొస్తే, చీటీ మీద ఎవరి నంబరుంటే తప్పు వాళ్లది. కాంట్రాక్టు మనుషులకి మూడు తప్పులైతే పని పోతుంది. పర్మినెంటు వాళ్లకి మందలింపు కాగితంతో సరి.

ఆ బల్ల దగ్గర పర్మినెంటు మనిషి ఒక్కతే, ఏడో నంబరు. అందరూ పెద్దక్క అంటారు. తిరిగొచ్చిన మూటలు ఆవిడే విప్పేది. ఎవరికైనా మూడో తప్పు పడేలా ఉంటే, జేబులో చీటీ తీసేసి తన చీటీ పెట్టేది. "నిండా మునిగినదానికి చలేమిటే?" అనేది. ఆవిడకింకా పద్నాలుగు నెలల సర్వీసుంది.

చిట్టిది పంతొమ్మిదో నంబరు. ఇంట్లో జీతం తనదొక్కటే. తప్పులు రెండయ్యాయి. పోయిన వారం కాలరు వంకరపోయిన చొక్కా కూడా తనదే. అది ఏడో నంబరు మీద పడింది.

శనివారం మధ్యాహ్నం మిషన్లు ఆపి అందర్నీ భోజనాల హాల్లోకి రమ్మన్నారు. జట్టుగా మెలగడం నేర్పే ఆటలట. ఆడించడానికి బయటినుంచి ఒకాయన వచ్చాడు, మెడలో విజిలేసుకుని. కళ్లు మూసుకుని వెనక్కి పడితే మీవాళ్లు పట్టుకుంటారన్నాడు. పెద్దక్క పడింది. ఆరుగురు పట్టుకున్నారు.

"బాబూ, సోమవారం వీళ్లకి సెలవివ్వాలి మరి," అంది పెద్దక్క.

"నడుం పోయింది, సెలవు చాలదు," అన్నాడు ఇరవై ఒకటో నంబరతను. అతన్ని అందరూ కళ్లజోడు అంటారు.

ఆఖరి ఆటకి అందరి వీపులకీ పిన్నీసులతో తెల్లకాగితాలు తగిలించారు. "మనిషి వెనకాల మామూలుగా చెడే మాట్లాడతాం. ఇవాళ మంచి రాయండి. పేర్లు పెట్టక్కర్లేదు," అన్నాడు విజిలాయన.

పెద్దక్కకి ఎదురుగా కృతజ్ఞత చెప్తే "నోర్ముయ్యవే" అంటుంది. అందుకని చిట్టి ఆవిడ వీపు మీద రాసింది: "నా తప్పు మీ నంబరు మీద వేసుకున్నారు. కన్నతల్లి కూడా ఇంత చెయ్యదు."

"ఏంటే ఇంతసేపు, అర్జీ రాస్తున్నావా? చక్కిలిగిలి పుడుతోంది."

"కదలకక్కా, గీత వంకరపోతుంది."

"వంకర నీకు కొత్తా?"

విజిల్ మోగింది. నోటీసు బోర్డు కోసం వీపులన్నీ ఫోన్లో ఫోటోలు తీస్తూ వచ్చింది పర్సనెల్ ఆఫీసరమ్మ. పెద్దక్క వెనక ఆగింది. రెండుసార్లు చదివింది. ఫోటో తీసుకుంది.

ఐకమత్యానికి మొదటి కప్పు తనిఖీ బల్లకే ఇచ్చారు. చప్పట్లయ్యాక ఆఫీసరమ్మ ఆ జట్టునొక్కదాన్నే ఆపి, కాగితం పైకి చదివింది.

"ఎవరిదీ తప్పు?"

"వీపు మీద రాశారమ్మా. నాకు వీపున కళ్లున్నాయా?" అంది పెద్దక్క.

"చీటీ మార్చింది మీరేగా?"

"చేతులు మాత్రం నావే."

"రాసినవాళ్లు ముందుకొస్తే మీ దాకా రాదు. లేకపోతే రికార్డు తారుమారు చేసినందుకు మీ ఉద్యోగమే పోతుంది."

ఎవరూ ముందుకు రాలేదు. పెద్దక్క చిట్టి వైపు చూడలేదు. చూసుంటే చెప్పేసేదాన్ని అని ఇంటికెళ్తూ దారి పొడుగునా అనుకుంది చిట్టి. అది అబద్ధమని ఆమెకి తెలుసు.

సోమవారం పెద్దక్క స్టూలు ఖాళీగా ఉంది. బల్ల మధ్యలో కప్పు పెట్టారు. పదింటికి తిరిగొచ్చిన మూట వచ్చింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

"నువ్వు విప్పమ్మా చిట్టీ. నేను టీ పట్టుకొస్తా," అని కళ్లజోడు లేచాడు.

"సరే అన్నా."

రెండో చొక్కాకి ఎడమ చేతి గుండీ లేదు. జేబులో చీటీ పంతొమ్మిది. మిగతావాళ్లు తలలొంచుకుని కుట్లు చూసుకుంటున్నారు. కళ్లజోడు చీటీల డబ్బా చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. అతనికి ఇంకా ఒక తప్పే అయింది.

పెద్దక్క లాగానే రెండు వేళ్లతో చీటీ తీసింది చిట్టి. పెద్దక్క లాగానే మడిచి ఇంకోటి పెట్టింది. ఇరవై ఒకటి.

కళ్లజోడు టీ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "చక్కెర ఎక్కువ వేయించాను," అన్నాడు.