అరచేత్తోనే పట్టాలి

కట్టు కోసే రంపాన్ని మడమ దాకా తెచ్చి ఆపి, పిండి బాబాయి దాన్ని ముందు తన అరచేతికి ఆనించి చూపించాడు.

“చూశావా, కొయ్యదు. చక్కిలిగిలి పెడుతుందంతే. నీకంటే పిరికిది.”

బల్ల మీది ఆరేళ్ల పిల్ల నవ్వలేదు. మాటలు రావు, మెడ కూడా ఒక పక్కకే నిలుస్తుంది. పిల్ల బదులు వాళ్లమ్మ నవ్వింది.

ముప్ఫయ్యొక్క ఏళ్లుగా అతనిది ఈ పిండికట్ల గదే. పొట్టి మనిషి. గోళ్ల సందుల్లో, కనుబొమల్లో, చెవి మడతల్లో తెల్లటి పిండి. ఒకసారి అతని మోచేతి మీద వాలిన ఈగ, విదిలించేలోపే పిండిబొమ్మై కూర్చుందని నర్సులు చెప్పుకునేవారు. ఆ కథ పుట్టించింది అతనే.

పుట్టుకతో కండరాలు బిగుసుకుపోయిన పిల్లలకు అరికాళ్లు చదునై పక్కకు ఒరిగిపోతాయి. డాక్టర్లు మడమ ఎముకను కోసి, సందులో చిన్న ఎముక ముక్క దూర్చి వంపు తెస్తారు. ఆ వంపును కట్టులో నిలిపేది మాత్రం పిండి ఆరేదాకా కింద పట్టుకున్న చేయి. అరచేత్తోనే పట్టాలి. వేలు నొక్కితే గుంట పడి, అది లోపల ఒంటిని ఒత్తేస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు అతను మొదట నేర్పేది ఇదే.

నిరుటి నుంచి అతని కుడిచేయి వణుకుతోంది. ఎవరికీ చెప్పలేదు. వేళ్లు బిగించి పట్టుకుంటే వణుకు ఆగుతోంది.

రంపం ఆగేసరికి పిల్ల కాలి కట్టు రెండు చిప్పలుగా విడిపోయింది. ముందు వాసన వచ్చింది. అరికాలి వంపులో పుండు. సరిగ్గా బొటనవేలి అచ్చంత, లోతుగా.

డాక్టరమ్మ వచ్చి వంగి చూసింది. “ఇది మానేదాకా కట్టు వెయ్యడానికి లేదు. కట్టు లేకపోతే వంపు నిలవదు.”

“మళ్లీ ఆపరేషన్ చేస్తారా అమ్మా?” తల్లి అడిగింది.

“ఈ పాదానికి ఇక కష్టం.”

తల్లి బాబాయి వైపు తిరిగింది. “ఆరు వారాలూ ఏడుస్తూనే ఉందన్నయ్యా. మధ్యలో తీసుకొస్తే నువ్వే అన్నావు కదా, గారాబం ఎక్కువైంది, ఏడవనీ అని. ఒకరోజు విసుగొచ్చి చెంప మీద ఒకటి వేశాను కూడా. కాలు కింద దిండు నేనే సరిగ్గా పెట్టలేదేమో.”

“దిండు కాదమ్మా. నా వేలు.”

అతను చేయి చాచాడు. అది అందరి ముందూ వణికింది.

ఆమె ఆ చేతిని చూసింది. పుండును చూసింది. తాను కొట్టిన చెంపను అరచేత్తో మూసి, పిల్లను ఎత్తుకుని, డాక్టరమ్మ వెనకాలే వెళ్లిపోయింది.

“బాబాయ్, తర్వాతి వాణ్ణి తెమ్మంటావా?” నర్సు తలుపు దగ్గర నుంచి అడిగింది.

“తే.”

అలవాటు కొద్దీ పిండి అద్దిన గుడ్డచుట్టను బక్కెట్లో వేశాడు. నీళ్లలో బుడగలు ఆగి, చుట్టను తీసి పిండాల్సిన వేళయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మంచినీళ్లు తాగడానికి వెళుతున్నట్టే వరండాలోకి నడిచాడు. మళ్లీ ఆ ఆస్పత్రిలో అతన్ని ఎవరూ చూడలేదు.

సాయంత్రం గది కడగడానికి వచ్చిన ఆయా బక్కెట్ వంచింది. ఎవరూ పిండని చుట్ట అడుగున రాయిలా గట్టిపడి ఉంది.